గుంత మందు

పోశయ్యను తాడు కట్టి పైకి లాగారు. లాగుతున్నంతసేపూ అతనితో కలిసి పనిచేసే దుర్గేష్ "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. గట్టు మీద పడుకోబెట్టాక పిలవడం మానేశాడు. పోశయ్య ముక్కులోంచి, చెవుల్లోంచి నల్లటి బురద కారుతోంది.

నాచారం పారిశ్రామిక వాడలో, ఒక రంగుల ఫ్యాక్టరీ వెనక జరిగింది ఇది. ఫ్యాక్టరీ కక్కే నీళ్లన్నీ ఒక లోతైన గుంతలో చేరతాయి. నీళ్లు పోయినా అడుగున బురద మిగులుతుంది. అది నిండినప్పుడల్లా బకెట్లిచ్చి మనుషుల్ని దింపుతారు. అలా దింపకూడదని చట్టం ఉంది. ఆ సంగతి ఫ్యాక్టరీకి తెలుసు, కాంట్రాక్టరుకు తెలుసు, పోలీసులకు తెలుసు. దిగేవాళ్లకే తెలియదు.

మేనేజరు గోపాలరావు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. శవం మీదికి కొంచెం వంగి, "తాగి ఉన్నాడు" అన్నాడు. ఎలా పోయాడని అడగలేదు. పెళ్లాం పిల్లలు ఉన్నారా అని అడగలేదు. గుంతలోంచి వస్తున్న కంపు ఆయన ముక్కుకు తగల్లేదు గానీ, చచ్చిన మనిషి నోటి వాసన మాత్రం చక్కగా తగిలింది.

తాగి ఉన్న మాట నిజమే. గుంతలోకి దిగేముందు కాంట్రాక్టరు దామోదర్ మనిషికో క్వార్టర్ సీసా ఇస్తాడు. చేతికి తొడుగు ఇవ్వడు, ముక్కుకు మాస్కు ఇవ్వడు, సీసా మాత్రం మరిచిపోడు. మూత తీసి, నాలుగు చుక్కలు గట్టు మీద మైసమ్మకు సాక పోసి, మిగిలింది గొంతులో ఒంపుకుని దిగడం అక్కడి ఆనవాయితీ. 'గుంత మందు' అని దానికి పేరు కూడా పడిపోయింది. తాగకపోతే ఆ కంపుకు ఎవడూ దిగలేడు. మొదట్లో గుంతకు దిగిన రోజే తాగేవాళ్లు. తర్వాత ఆ కంపు మరవడానికి మర్నాడూ తాగారు. ఆ తర్వాత కారణం అడిగేవాడే లేకపోయాడు. దుర్గేష్ జనగామ వైపు నుంచి పని కోసం వచ్చినప్పుడు చుక్క ముట్టనివాడు. ఇప్పుడు పొద్దున లేవగానే చేతులు వణికితే, ఆ వణుకు ఆగడానికే తాగుతున్నాడు.

పోలీసులొచ్చారు. హెడ్ కానిస్టేబుల్ కాగితం తీసి, "మీరంతా తాగిండ్రా?" అని అడిగాడు.

"తాగినం సార్. తాగకుంట ఎట్ల దిగుతం?" అన్నాడు దుర్గేష్.

అందులో దాచాల్సిందేమీ ఉన్నట్టు అతనికి తోచలేదు. వంటమనిషి పొయ్యి వెలిగించానని చెప్పినంత మామూలుగా చెప్పాడు. హెడ్ కానిస్టేబుల్ మొదటి మాట రాసుకుని రెండో మాట వదిలేశాడు. ఆ అరముక్క చాలు. మద్యం మత్తులో కాలుజారి పడ్డాడని రాసి చేతులు దులుపుకున్నారు. ఫ్యాక్టరీ తప్పు లేదు, కాంట్రాక్టరు తప్పు లేదు. చచ్చినవాడిదే తప్పు. శవం పక్కన దామోదర్ అయినవాళ్లకంటే గట్టిగా ఏడ్చాడు.

దహనం చేసి వచ్చేసరికి బస్తీలో పోశయ్య గది ముందు రెండు అట్టపెట్టెలు దిగి ఉన్నాయి. చావుకు వచ్చినవాళ్లకు మందు పోయడం మామూలే. పోసేవాడు దామోదర్ కావడం కూడా మామూలే అయిపోయింది. పోశయ్య భార్య సత్తమ్మ లోపలి నుంచి వచ్చి ఆ పెట్టెల ముందు నిలబడింది.

"ఎవ్వలు పంపిండ్రు గివి?"

"దామోదరన్న, వదినె" అన్నాడు నరేన్. గుంతకు దిగే ముఠాలో అందరికంటే చిన్నవాడు, అందరికంటే బలమైనవాడు.

"మీ అన్నను మింగింది సాలలేదా మీకు? తాగి పడ్డడని రాసిండ్రు. తాపినోని పేరు ఏ కాయిదంల ఉన్నది? ఒక్కడన్న అడిగిండ్రా?"

దుర్గేష్ చేతిలో ప్లాస్టిక్ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టేశాడని చెబితే కథ బాగుంటుంది. పెట్టలేదు, తాగేశాడు. తాగాకే సిగ్గొచ్చింది. ఆలస్యంగానైనా వచ్చింది, కొందరికి అసలే రాదు. చెప్పిన అరముక్క తనదేనని, దాన్ని పట్టుకునే సత్తమ్మ మొగుణ్ని తాగుబోతును చేశారని అప్పుడు అర్థమైంది.

ఉప్పల్ బస్సు డిపో వెనక సందులో భూషణం సైకిల్ రిపేరు కొట్టు ఉంది. అతను మూతపడిన ఒక మిల్లులో ఒకప్పుడు యూనియన్ నడిపినవాడు. యూనియన్ పోయాక తాగుడులో పడి, లేచి, ఇప్పుడు సాయంత్రాలు కొట్టు ముందు చాప పరిచి తాగుడు మానాలనుకునేవాళ్లను కూర్చోబెడతాడు. పదిమంది ఉంటారు, ఒకోసారి ఇరవై మంది. ఒకరి తర్వాత ఒకరు ఆ రోజు తాగారో లేదో చెప్పాలి. అబద్ధం చెబితే లేపేస్తారు. తాగానని చెబితే మాత్రం లేపరు. అదొక్కటే అక్కడి నియమం. మర్నాడు సాయంత్రం దుర్గేష్ అక్కడికి వెళ్లాడు.

"నాకు కోపమొస్తుంది మామ. మానేస్త" అన్నాడు దుర్గేష్.

"ఎవని మీద కోపం?"

"నా మీద్నే."

"అది సాలదు బిడ్డ. తన మీద కోపమున్నోడు ఇంక రెండు గుటకలు ఎక్కువనే తాగుతడు. ఇంకెవని మీద లేదా?"

భూషణం నవ్వి, "ముందుగాల సర్కారు దవాఖానకు పో. ఒక్కసారే బంద్ జేస్తే ఫిట్సొస్తయి. డాక్టరు చెప్పినట్టు గోళీలు మింగు. మొండితనం పనికిరాదిక్కడ" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు దుర్గేష్ భార్య సంతోషికే తెలుసు. ఒళ్లంతా చెమట, గోడ మీద లేని పురుగులు పాకుతున్నాయని అరుపులు, అన్నం ముద్ద పెడితే కక్కడం. ఆమె అతన్ని దవాఖానలో మంచానికి అదిమి పట్టుకుంది. "నువ్వు సచ్చినా సరే, తాగి మాత్రం సావకు" అని చెవిలో చెప్పింది. ప్రేమ మాటలు ఎన్నో రకాలు, అది కూడా ఒక రకమే.

అతను లేచి నడిచాడు. నడిచి మళ్లీ చాప మీద కూర్చున్నాడు. "ఈ పొద్దు తాగలే" అన్నాడు. ఎంత చిన్న మాట అది! అది చెప్పడానికి పొద్దంతా పళ్లు బిగబట్టాల్సి వచ్చింది. నరేన్‌ను లాక్కొచ్చాడు. నరేన్ ఇంకొకణ్ని లాక్కొచ్చాడు. ఒకరోజు సత్తమ్మ కూడా వచ్చి చాప చివర కూర్చుంది. ఆడవాళ్లు రారే అని ఒకతను గొణిగాడు. "మీరు తాగితే పుస్తె తెగింది నాది. నేను రాకుంటే ఎవ్వలొస్తరు?" అంది. ఆ తర్వాత ఎవరూ గొణగలేదు.

ఈలోగా గుంత మళ్లీ నిండింది. దామోదర్ కబురంపాడు. ముఠా అంతా వెళ్లింది.

దుర్గేష్ గట్టు మీదికి వెళ్లి లోపలికి వంగాడు. కుళ్లిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. కళ్లు మండాయి, రొమ్ములో ఏదో గుంజినట్టయింది, కాళ్లు రెండూ తేలిపోయాయి. నరేన్ వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు. ఇదే గుంతలోకి ఎన్నోసార్లు దిగాడు. ఒక్కసారీ ఇలా కాలేదు. ప్రాణం ప్రమాదంలో ఉందని ఒళ్లు మొత్తుకుంటూనే ఉంది, వినపడకుండా సీసా అడ్డం పెట్టారు! మందు ఇచ్చింది కంపు తట్టుకోవడానికి కాదు, భయం చావడానికి. భయపడేవాడు దిగడు. దిగకపోతే మిషన్ తేవాలి, మిషన్ అంటే ఖర్చు. పోశయ్య అంతకంటే చవక. ఎవని మీద కోపమని భూషణం అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ, ఆ గట్టు మీద దొరికింది.

"తీస్కో తమ్మీ" అని దామోదర్ క్వార్టర్ చాపాడు.

"వద్దన్న."

"తాగకుంటే దిగలేవు గదరా."

"అవునన్న. గందుకే తాగ."

దామోదర్ మొహం మాడిపోయింది. వెంటనే సర్దుకుని మిగతావాళ్లవైపు తిరిగాడు. "మొన్న పోశయ్య తొందరల సాక పొయ్యకుంట దిగిండు. అమ్మకు కోపమొచ్చింది. ఈసారి ఫుల్ బాటిలే పోద్దాం, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు.

ఆ మాట పనిచేసింది. నిజానికి ముఠాలో చాలామంది అదే నమ్మి ఉన్నారు. గుంతలో లేచే విషపు గ్యాసు కంటే మైసమ్మ కోపం వాళ్లకు బాగా తెలుసు. ఇద్దరు సీసా కోసం చేయి చాపారు కూడా. సత్తమ్మ ముందుకొచ్చింది. ఆమె ఆ ఫ్యాక్టరీలోనే ఊడ్చే పని చేస్తుంది, చీపురు చేతిలోనే ఉంది.

"నేను ఏటేటా బోనమెత్తిన దాన్ని. మా ఇంట్ల అమ్మకు సాకంటే పసుపు నీళ్లు, యాపాకు. ఊర్లల్ల కల్లు పోస్తరు, అది గూడ తెలుసు. గని సాక పోసి మనిషిని సావనీకి తోలుమని ఏ అమ్మ చెప్పింది? అమ్మ పేరు జెప్పి నువ్వు పోస్తున్నవు గీ మందు. నీ బేరానికి మైసమ్మను జామీను పెట్టకు."

చేయి చాపిన ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు గుంతలోకి ఎవరూ దిగలేదు.

మర్నాటి నుంచి, తాగి ఎవరూ రావొద్దనుకుని, ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. రెండే మాటలు పెట్టారు. గుంతలోకి మనిషిని దింపొద్దు. పోశయ్య చావు మీద కేసు మళ్లీ రాయాలి, మందు ఎవరు పోశారో, ఎవరు దింపారో అందులో ఉండాలి. పక్క ఫ్యాక్టరీల వాళ్లు అన్నం గంటలో వచ్చి నిలబడ్డారు. హబ్సిగూడ హాస్టళ్ల నుంచి కొందరు చదువుకునే పిల్లలు డప్పు పట్టుకొచ్చారు. గోపాలరావు కారు గేట్లోంచి బయటకు రాలేక హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది.

దామోదర్ బెదిరించలేదు. అతను అంత తెలివితక్కువవాడు కాదు. ఒక పొద్దున నాచారం చౌరస్తాలో దుర్గేష్ ఒంటరిగా టీ తాగుతుంటే వచ్చి భుజం మీద చేయి వేశాడు. కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు.

"పోశయ్య నాకు గూడ అన్ననే తమ్మీ. ఆయన గురించి ఒక్క గుటక కలిసి తాగుదాం. మల్ల నిన్ను అడుగ. నీ ధర్నా నువ్వు జేస్కో."

ఎవరైనా కోపంగా ఇచ్చి ఉంటే దుర్గేష్ విసిరికొట్టేవాడు. పోశయ్య పేరు చెప్పి ఇచ్చాడు. దుర్గేష్ తాగాడు. ఒక్క గుటక అనేది తాగుబోతు లోకంలో లేదు. సీసా ఖాళీ అయ్యాక నోట్లో సోంపు వేసుకుని, గేటు దగ్గరికి వచ్చి అందరి వెనకా కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా పోలీసు జీపు, వెనకే వ్యాను వచ్చాయి. ఎస్సై దిగాడు. రోడ్ల మీద బండ్లు ఆపి నోట్లో పెట్టి ఊదించే మిషన్ కానిస్టేబుల్ చేతిలో ఉంది.

"తాగి గొడవ చేస్తున్నారని కంప్లయింట్ వచ్చింది. అందరూ లైన్ల నిలబడుండ్రి. ఒక్కొక్కరు ఊదాలె" అన్నాడు ఎస్సై.

జీపు పక్కన దామోదర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దుర్గేష్‌కు అంతా తెలిసిపోయింది.

జనం మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఊదుతం సార్, పట్టుండ్రి!" అని ముందుకు తోసుకొచ్చారు. మొదటివాడు ఊదాడు. మిషన్ చప్పుడు చేయలేదు. రెండోవాడు ఊదాడు, చప్పుడు లేదు. డప్పు మోగింది. ఎస్సై మొహం వాడిపోతోంది. వెనక నరేన్ దుర్గేష్ పక్కకు వచ్చి ఆగిపోయాడు.

"అన్నా... తాగినవా?"

దుర్గేష్ తల ఊపాడు.

"నీ యవ్వ, గిదేందన్నా! గోడ దూకి పో. నువ్వు లేకుంటే మేమంత సాఫ్ ఉన్నట్టే. పో జల్ది."

గోడ పొట్టిదే. అవతల పట్టాలు, పట్టాలు దాటితే సందులు. దుర్గేష్ అటు చూశాడు. కాళ్లు అటే లాగాయి.

"ఈడికెళ్లి పోతే మల్ల ఆ దామోదర్ దగ్గరికే పోత నరేన్. నాకు పోయేటందుకు ఇంకో జాగ లేదు."

వెళ్లి లైన్లో నిలబడ్డాడు. తన వంతు రాగానే ఊదాడు. మిషన్ కుయ్యిమని అరిచింది. డప్పు ఆగిపోయింది. దామోదర్ పళ్లన్నీ బయటపెట్టాడు.

"చూసిండ్రా మీ లీడర్‌ని?" అన్నాడు ఎస్సై.

సత్తమ్మ జనాన్ని తోసుకుని వచ్చి దుర్గేష్ చెంప ఛెళ్లుమనిపించింది. ఇంకోటి కూడా వేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏయ్, చేయి చేస్కోవద్దు!" అని ఎస్సై అరిచాడు.

"ఈడు నా మొగని పక్కపొంటి గుంతల దిగినోడు. కొట్టేది నేను, తిట్టేది నేను. నీ పని రాసుడు. రాయి. దుర్గేష్ తాగిండని రాయి. ఎవ్వలు తాపిండ్రో అడిగి అది గూడ రాయి."

దుర్గేష్ చెంప పట్టుకోలేదు. అందరికీ వినపడేలా చెప్పాడు. "నేను తాగిన సార్. తప్పు నాది. అందరి ముందట ఒప్పుకుంటున్న. పొద్దుగాల చౌరస్త కాడ దామోదర్ పోసిండు. మొన్న పోశన్నకు గూడ ఆడే పోసిండు. ఏండ్ల సంది మాకందరికి ఆడే పోస్తుండు. తాగకుంట ఆ గుంతల ఎవడు దిగడు, గందుకే పోస్తుండు. పోయినసారి నేను చెప్పింది సగమే రాసిండ్రు. ఈసారి మొత్తం రాసేదాంక నేను జీపెక్క."

ఎస్సై పెన్ను కాగితం మీదికి వెళ్లి ఆగింది. ఆయన దామోదర్ వైపు చూశాడు. దామోదర్ గేటు వైపు చూశాడు. గేటు లోపల గోపాలరావు ఫోనులో మాట్లాడుతున్నాడు.

"రాయి!" అన్నాడు నరేన్.

"రాయి! రాయి! రాయి!" జనమంతా అందుకున్నారు. అన్నం గంటకు వచ్చిన పక్క ఫ్యాక్టరీ ఆడవాళ్లు గిన్నెలు మోగించారు.

ఎస్సై పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దుర్గేష్‌ను మెడ పట్టి వ్యానులోకి తోశాడు. అడ్డం వచ్చిందని సత్తమ్మను కూడా ఎక్కించాడు. లాఠీలు లేచాయి. నరేన్ నుదురు పగిలింది. అయినా వ్యాను కదలడానికి చాలాసేపు పట్టింది, చక్రాల ముందు మనుషులు పడుకున్నారు.

స్టేషన్‌కు భూషణం వచ్చాడు. ఊచల ఇవతల చతికిలబడి, సాయంత్రం చాప మీద అడిగినట్టే అడిగాడు.

"ఈ పొద్దు?"

"తాగిన మామ." దుర్గేష్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "రేపటి సంది ముట్ట."

"రేపటిది రేపు జూద్దాం. ఈ పొద్దు ఇంకా కొంచెం మిగిలే ఉన్నది. అండ్ల తాగకు. నరేన్ నెత్తికి కుట్లేసిండ్రు. మంది చెదరలే. నువ్వు లైన్ల నిలబడ్డవని జెప్పుకుంటుండ్రు. వచ్చి కూసో, నీ జాగ అట్లనే ఉన్నది."

పూచీకత్తు మీద దుర్గేష్‌ను, సత్తమ్మను తెల్లారి వదిలారు. బయట సంతోషి చీర కొంగులో రొట్టెలు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె తిట్టలేదు. "దామోదర్ ఉప్పల్ అడ్డాకు పోయిండంట, కొత్తోళ్లను తేనీకి" అని మాత్రం చెప్పింది. ముగ్గురూ అటే నడిచారు.

ఉప్పల్ అడ్డా మీద పొద్దున్నే కూలీ కోసం నిలబడే వందలమంది ఉన్నారు. పాలమూరు వాళ్లు, నల్లగొండ వాళ్లు, ఎక్కడెక్కడి వాళ్లో. దామోదర్ లారీ రోడ్డు పక్కన ఆగి ఉంది. "డబల్ కూలి, మందు నాదే!" అని అతను అరుస్తున్నాడు. నరేన్ తలకు కట్టుతో లారీ ముందు నిలబడి ఉన్నాడు. ముఠా అంతా అతని వెనక ఉంది. అయినా కొందరు ఎక్కేశారు. ఆకలి ఎవరి మాటా వినదు.

లారీ మెట్టు మీద కాలు పెట్టిన ఒక ముసలాయన ఆగి దామోదర్‌ను అడిగాడు. "పని షురూ గాకముందే మందెందుకు బిడ్డ?"

"జర వాసనుంటది, అంతే పెద్దమనిషీ. తట్టుకోనీకి."

"ఆ గుంతల దిగే నా మొగడు సచ్చిండు" అంది సత్తమ్మ. గట్టిగా అనలేదు. ముసలాయన కాలు కిందికి దించాడు.

దుర్గేష్ జనంలోంచి దారి చేసుకుని లారీ దగ్గరికి వచ్చాడు. నిన్నటి చొక్కా, వాచిన చెంప. ఇన్నేళ్లుగా అన్నా అని పిలిచిన మనిషి కళ్లలోకి చూశాడు.

"దామోదర్! ఇయ్యాల నువ్వు దిగు. చుక్క ముట్టకుంట దిగు. మేం గట్టు మీద నిలబడి జూస్తం."

ఎక్కడో ఒకడు నవ్వాడు. ఆ నవ్వు అడ్డా అంతా పాకింది. "దిగురా దామోదర్!" అని లారీలోంచే ఒక గొంతు లేచింది. ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే దూకేశారు. "దిగు! దిగు!" అని నూరు గొంతులు, రెండు నూర్ల గొంతులు. బస్సుల్లోవాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

దామోదర్ డ్రైవర్ని కసిరాడు. లారీ ఖాళీగా కదిలి నాచారం వైపు తిరిగింది. దుర్గేష్ దాని వెనక నడిచాడు. పక్కన సత్తమ్మ, సంతోషి, నరేన్, వెనక ముఠా, లారీ దిగినవాళ్లు నడిచారు. కాసేపటికి అడ్డా మీద ఒక్క మనిషి కూడా మిగల్లేదు.